మాటల పుట్టుక – ఏడవ పాఠం: వాంతి, కక్కు, ఓకరింత

ముందుగా గత పాఠంలోని అభ్యాసానికి సమాధానాలు చూద్దాం. తెలుగులో వకారంతో మొదలయ్యే సంస్కృత పదాలు ఒడియావారి నోట బకారంతో పలుకుతాయని చెప్పుకొని, వనం, వర్షం, వివాహం, విచారం అనే నాలుగు మాటలకు ఒడియా రూపాలు వ్రాయమని అడిగాను. అవి వరుసగా బన, బర్షా, బిబాహ, బిచార. మొదటి మూడింటిలోనూ అర్థం మారలేదు. నాలుగోదాని దగ్గర కాసేపు ఆగాలి. నేటి వాడుకలో మనకు విచారమంటే దిగులు. ఒడియావారికి బిచార అంటే ఆలోచన, తీర్పు. మన న్యాయస్థానాలలో జరిగే 'విచారణ'లో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది కనుక, మారింది మన వాడుకే తప్ప వారిది కాదని గ్రహించాలి. రూపం కలిసినంత మాత్రాన అర్థం కలిసిందని అనుకోకూడదు. ఈ జాగ్రత్త ఈ పాఠంలోనూ అవసరమవుతుంది.

ఈ వారం తీసుకున్న మాట మర్యాదస్థులు నలుగురిలో పలకడానికి వెనుకాడేది. అయినా దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. కొన్నేళ్ళ కిందట ఒడిశాలోని మా గజపతి జిల్లాలో ఒక ఆసుపత్రిలో బంధువు కోసం కూర్చొని ఉండగా, శ్రీకాకుళం వైపు పల్లె నుంచి ఒక ముసలమ్మ మూడేళ్ళ మనుమణ్ణి భుజాన వేసుకొని వచ్చింది. "రాత్రినుంచి గుంటడు కక్కుతన్నాడమ్మా" అని చెప్పుకుంది. అక్కడున్న ఒడియా నర్సుకు ఆ మాట తెలియలేదు. ముసలమ్మ గొంతు దగ్గర చెయ్యి పెట్టి చూపుతుండడంతో, దగ్గేమోననుకొని "కాశ?" అని అడిగింది. ఒడియాలో కాశ అంటే దగ్గు అని ముసలమ్మకు తెలియదు కనుక తలూపింది. దగ్గు మందు వచ్చింది. చెంచాతో పోసిన మందును పిల్లవాడు క్షణంలో ముసలమ్మ కొంగు మీదికే కక్కేశాడు. అప్పుడు నర్సు గాభరాగా "బాంతి హేఉచి" అన్నది. ఆ మాట వినగానే ముసలమ్మ ముఖం విప్పారింది. "అదేనమ్మా, వాంతి, వాంతి" అన్నది. ఇద్దరి నోటా మొదటినుంచీ ఒకే మాట ఉంది. అది మాత్రం బయటికి రాలేదు. రెండు భాషలూ తెలిసిన నేను రెండు బల్లల అవతల కూర్చొని ఉండి, సమయానికి లేచి చెప్పలేకపోయాను. ఆ రోజునుంచి, ఏ మాట సరిహద్దు దాటుతుందో ఏ మాట దాటదో మన పిల్లలకు నేర్పాలన్న తపన నాకు పట్టుకుంది. ఈ పాఠాల పరంపరకు మూలం అదే.

వాంతి ఉత్తరాన ఒడియావారికి తెలుస్తుంది. కక్కు తెలియదు. ఎందుకు? ఆ రెండు మాటల పుట్టుకలు వేరు కనుక. ఈ సంగతిని నమ్మకం మీద ఒప్పుకోకుండా, మనంతట మనమే తేల్చుకొనే పద్ధతి నేర్చుకుందాం.

మాటను విడదీయడం

ఒక కాగితం తీసుకొని ఎడమ వైపున శాంతి, క్రాంతి, భ్రాంతి, శ్రాంతి, క్షాంతి, కాంతి అని ఒకదాని కింద ఒకటి వ్రాయండి. చివర వాంతి అని వ్రాయండి. ఇప్పుడు ప్రతి మాట చివరనున్న 'తి'ని వేలితో మూసి చూడండి. ఈ 'తి' సంస్కృత ధాతువులకు చేరి నామవాచకాలను తయారుచేసే ప్రత్యయం. దీన్ని వ్యాకరణంలో క్తిన్ అంటారు. మూసిన తరువాత మిగిలినవి శాం, క్రాం, భ్రాం, శ్రాం, క్షాం, కాం, వాం. ఇవి వినడానికి అపరిచితంగా ఉన్నా వీటి తోబుట్టువులు మనకు బాగా తెలిసినవే. కుడి వైపున శమనం, క్రమం, భ్రమ, శ్రమ, క్షమ, కమనీయం అని ఎదురెదురుగా వ్రాయండి. కుడి వైపు అంతటా మకారం ఉంది, దాని ముందు హ్రస్వం ఉంది. ఎడమ వైపు అంతటా ఆ హ్రస్వం దీర్ఘమయింది, మకారం తకారం పక్కన చేరి నకారంగా మారి, మన లిపిలో సున్నగా కనిపిస్తోంది. ఇన్ని మాటలలో ఒకే మార్పు ఒకే తీరున జరిగితే అది యాదృచ్ఛికం కాదు, నియమం.

ఆ నియమాన్ని బట్టి వాంతికి ఎదురుగా కుడి వైపున ఏముండాలో మీరే చెప్పగలరు. వమ్ అనే ధాతువు ఉండాలి, దాని నుంచి వమనం రావాలి. నిజంగానే ఉంది. పాణినీయ ధాతుపాఠం, అంటే సంస్కృత ధాతువుల పట్టిక, దీన్ని 'టువమ ఉద్గిరణే' అని చెప్పింది. ఉద్గిరణమంటే పైకి వెళ్ళగక్కడం. తెలియని మాటను తెలిసిన మాటల వరుసలో నిలబెట్టి, ఉండవలసిన రూపాన్ని ముందే ఊహించి, తరువాత అది ఉన్నదో లేదో చూసుకోవడమే పదమూలాల అధ్యయనంలో మొదటి మెట్టు. శాంతికీ వాంతికీ ఒకే మూస అని తెలిసిన తరువాత ఈ మాటను చూసి ముఖం ముడుచుకోవలసిన పని లేదు.

అయితే వెంటనే ఒక సందేహం రావాలి. రాకపోతే ఇంకా జాగ్రత్తగా చదవాలని అర్థం. గమ్, నమ్, రమ్, యమ్ అనేవి కూడా మకారంతో ముగిసే ధాతువులే. గమనం, నమనం, రమణం, యమనం అని వీటికి కుడి వైపు రూపాలు చక్కగా ఉన్నాయి. కాని ఎడమ వైపున గాంతి, నాంతి, రాంతి, యాంతి అని లేవు. గతి, నతి, రతి, యతి అని ఉన్నాయి. ఇక్కడ మకారం పూర్తిగా పోయింది, హ్రస్వం హ్రస్వంగానే ఉండిపోయింది. దీనికి కారణాన్ని పాణిని ధాతువులను రెండు తెగలుగా చేసి చెప్పాడు. సులువైన పరీక్ష ఒకటి ఉంది. 'చేయడానికి' అనే అర్థంలో తుమ్ ప్రత్యయం చేర్చి చూస్తే, మొదటి తెగలోని ధాతువులకు మధ్యలో ఇకారం వస్తుంది: శమితుం, క్రమితుం, భ్రమితుం, వమితుం. రెండవ తెగకు రాదు: గంతుం, నంతుం, రంతుం, యంతుం. ఇకారం తెచ్చుకొనే తెగకు శాంతి, వాంతి తీరు. తెచ్చుకోని తెగకు గతి, నతి తీరు. మన్ నుంచి మతి, హన్ నుంచి హతి వచ్చినదీ రెండవ దారినే.

తత్సమమా, తద్భవమా

వాంతి సంస్కృతమని తేలింది. అది నేరుగా వచ్చిందా, ప్రాకృతం ద్వారా వచ్చిందా అన్నది తరువాతి ప్రశ్న. దీనికీ ఒక గుర్తు ఉంది. ప్రాకృతాలలోనూ పాళీలోనూ సంయుక్తాక్షరం ముందున్న దీర్ఘం హ్రస్వమవుతుంది. శాంతి పాళీలో సంతి, కాంతి కంతి, వాంత అనే రూపం వంత. ధమ్మపదంలో ఉత్తమ పురుషుణ్ణి 'వంతాసో' అని వర్ణించారు. ఆశను కక్కివేసినవాడని దాని అర్థం. మన మాటలో దీర్ఘం చెక్కుచెదరకుండా ఉంది కనుక అది ప్రాకృతపు దారిలో రాలేదు, తత్సమంగా వచ్చింది. ఒడియా బాంతిలోనూ దీర్ఘం నిలిచే ఉంది. అంటే మనం వారినుంచి గాని, వారు మననుంచి గాని తెచ్చుకొన్నామని వాదించుకోనక్కరలేదు. ఇరువురం ఒకే పెట్టెలోంచి తీసుకొన్నాం.

ఆ పెట్టె ఎంత పెద్దదో చూడండి. అమరకోశం మనుష్యవర్గంలో ఈ అర్థానికి ప్రచ్ఛర్దిక, వమి, వమథువు అనే పర్యాయపదాలు కనిపిస్తాయి. వీటిలో వమి నేటికీ బెంగాలీవారి నిత్యవ్యవహారంలో బమిగా ఉంది. ప్రచ్ఛర్దికకు చుట్టమైన ఛర్ది మలయాళంలో ఇంటింటి మాట. ఆయుర్వేదంలో వ్యాధిగా వచ్చే వాంతికి కూడా అదే పేరు. అదే ఆయుర్వేదంలో వైద్యుడు కావాలని చేయించేదానికి వమనమని పేరు. పంచకర్మలలో మొదటిగా చెప్పేది అదే, అందుకు వాడే ద్రవ్యాలలో ముఖ్యమైనది మదనఫలం, మన మంగకాయ. వాంతి అనే రూపాన్ని తెలుగు, కన్నడం, తమిళం, ఒడియా పట్టుకొన్నాయి. హిందీవారు మాత్రం ఉల్టీ అంటారు. తలకిందులు కావడం, తిరగబడడం అనే అర్థమున్న మాటను ఈ పనికి పెట్టుకొన్నారు. ఒక్క శరీరధర్మానికి దేశం తలా ఒక పేరు ఎంచుకొన్న తీరు నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

వమథువు గురించి ఒక మాట చెప్పక తప్పదు. ధాతుపాఠంలో వమ్ ముందు 'టు' అనే గుర్తు ఉందని పైన చూశాం. ఆ గుర్తున్న ధాతువులకు అథు అనే ప్రత్యయం వస్తుందని పాణిని సూత్రం. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు 'వేపథుశ్చ శరీరే మే' అని తన ఒంటి వణుకును చెప్పుకొన్నాడు కదా, ఆ వేపథువు కూడా ఇలా పుట్టినదే. అమరకోశంలోనే మరొక చోట, ఏనుగు తొండంతో చిమ్మే నీటి తుంపరకు వమథువు అని పేరు. లోపలినుంచి బయటికి ఎగజిమ్మడం అన్నదే ధాతువు అసలు భావమనీ, రోగం దానిలో ఒక భాగం మాత్రమేననీ ఈ ఒక్క ప్రయోగం వల్ల తెలుస్తుంది.

కథ చెప్పే మూలం, వ్యాకరణం చెప్పే మూలం

తెలుగునాట వైదికులలో ఎక్కువమంది తైత్తిరీయ శాఖకు చెందినవారు. ఆ పేరు వెనుక ఈ పాఠానికి సంబంధించిన కథే ఉంది. యాజ్ఞవల్క్యుడు గురువైన వైశంపాయనుడికి కోపం తెప్పించగా, నేర్చినదంతా తిరిగి ఇచ్చివేయమని గురువు ఆజ్ఞాపించాడు. శిష్యుడు యజుస్సులను, అంటే యజుర్వేద మంత్రాలను, కక్కివేశాడు. తక్కిన శిష్యులు తిత్తిరి పక్షులై వాటిని ఏరుకొన్నారు, అందుచేత ఆ శాఖ తైత్తిరీయమయింది. భాగవతం పన్నెండవ స్కంధంలో ఈ ఘట్టంలో వాడిన క్రియ 'ఛర్దిత్వా', అంటే కక్కి. వ్యాకరణం చెప్పేది వేరు. తిత్తిరి అనే ఆచార్యుడు ప్రవచించినదాన్ని చదివేవారు తైత్తిరీయులు అని పాణిని సూత్రాన్ని బట్టి సిద్ధిస్తుంది; అక్కడ పక్షులూ లేవు, వాంతీ లేదు. నేను కథను తక్కువ చేయడం లేదు. గురువు దగ్గర పొందిన విద్యను తిరిగి ఇవ్వడమంటే ఎంత బాధో అంతకంటే పదునుగా చెప్పే చిత్రం నాకు తెలియదు. అయితే మాట పుట్టుకను తేల్చేటప్పుడు కథకూ రూపసాధనకూ మధ్య ఎంపిక వస్తే, అదే నియమంతో ఇతర పదాలు కూడా సిద్ధిస్తున్నాయా అని అడగాలి. వరతంతువు అనే ఆచార్యుడి పేరుమీద వారతంతవీయులు ఉన్నారు. తిత్తిరి పేరుమీద తైత్తిరీయులు ఉన్నారు. నియమం గెలుస్తుంది.

దూరపు చుట్టాలు

మన ఇళ్ళలో పిల్లలు ఇప్పుడు 'వామిటింగ్' అంటున్నారు. వమనం, వామిట్ అనే రెండింటి పోలిక చూసి, ఇంగ్లీషువారు మన దగ్గరినుంచి ఎత్తుకుపోయారని చెప్పేవారు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తారు. అది సరికాదు. ఇంగ్లీషుకు ఆ మాట లాటిన్ నుంచి వచ్చింది. లాటిన్‌లో క్రియ వొమెరె. లిథువేనియా భాషలో వెమ్టి. గ్రీకులో మొదటి వకారం కాలక్రమంలో జారిపోయి ఎమెయిన్ అయింది. మందుల దుకాణంలో వాంతులు ఆపే మాత్రలను యాంటీ ఎమెటిక్ అనడం దీనివల్లనే. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలంనుంచి వచ్చి ఉండాలని 1786లో విలియం జోన్స్ కలకత్తాలో చెప్పిన దగ్గరినుంచి ఇటువంటి పోలికలను శాస్త్రీయంగా పరిశీలించడం ఊపందుకుంది. ఇవి తల్లీబిడ్డలు కావు, ఒక తాత మనుమలు. రోమన్ల రంగస్థలాలలో జనం గుంపులుగా రాకపోకలు సాగించే దారులకు వొమిటోరియం అని పేరుండేది. విందులలో తిన్నది కక్కడానికి కట్టుకొన్న గదులని చాలామంది అనుకొంటారు గాని, ఆ పేరు కట్టడం జనాన్ని ఎగజిమ్మే తీరును చూసి పెట్టినది. ఏనుగు తొండపు తుంపర మీకు ఈపాటికి గుర్తుకు వచ్చి ఉండాలి.

మన సొంత మాట

ఇక ముసలమ్మ నోట మొదట వచ్చిన మాటకు వద్దాం. కక్కును వేలితో మూసి చూడడానికి లోపల ప్రత్యయమేమీ లేదు. సంస్కృత ధాతువుల వరుసలో నిలబెడితే నిలబడదు. ఉత్తరాన ఒడియాలో వెదికితే దొరకదు. దక్షిణానికి తిరిగితే మాత్రం కన్నడంలో కక్కు, తమిళంలో కక్కు, మలయాళంలో కక్కుక అని అదే అర్థంలో ఎదురవుతుంది. ఇది ద్రావిడ కుటుంబపు ఉమ్మడి ఆస్తి, మన వ్యాకరణాల లెక్కలో దేశ్యం. తెలుగు, తమిళం, కన్నడం వంటి భాషలకు సంస్కృతంతో సంబంధం లేని సొంత ధాతువులున్నాయని 1816లో ఫ్రాన్సిస్ ఎల్లిస్ పట్టికలు వేసి చూపాడు. ఆ పద్ధతినే మనం ఇక్కడ ఒక్క మాటకు వర్తింపజేశాం.

వాడుకలో ఈ రెండు మాటల నడక వేరు. వాంతి నామవాచకం, అది 'అవుతుంది', లేదా మనిషి దాన్ని 'చేసుకుంటాడు'. కక్కు క్రియ, అది కర్మను అడుగుతుంది. ఏమి కక్కాడు? పసివాడు పాలు కక్కుతాడు, దెబ్బ తిన్నవాడు నెత్తురు కక్కుతాడు, పాము విషం కక్కుతుంది, వైశాఖంలో సూర్యుడు నిప్పులు కక్కుతాడు, దొంగ చివరికి నిజం కక్కుతాడు, లంచం తిన్నవాడి చేత దాన్ని కక్కిస్తారు. ఎటూ తేల్చుకోలేనివాడు కక్కలేక మింగలేక ఉంటాడు. ఈ వాక్యాలలో ఒక్కదానిలోనైనా వాంతిని పెట్టి చూడండి; సూర్యుడు నిప్పులు వాంతి చేసుకుంటున్నాడని ఏ తెలుగువాడూ అనడు. వైద్యానికి, మర్యాదకు అరువు మాటను ఉంచుకొని, కోపానికి, ఎండకు, కవిత్వానికి సొంత మాటను దాచుకొన్నాం. కక్కు నామవాచకంగానూ ఉండేదని 'కక్కు వచ్చినా కల్యాణం వచ్చినా ఆగదు' అన్న సామెత చెబుతుంది; పెద్దలు పెళ్ళి కుదిరినప్పుడు ఈ మాటను ఏ సంకోచమూ లేకుండా అనేవారు.

సంస్కృత ఆలంకారికుడు దండి తన కావ్యాదర్శం మొదటి పరిచ్ఛేదంలో సరిగ్గా ఈ సంగతే చెప్పాడు. ఉమియబడినది, వెడలగ్రక్కబడినది, వాంతమైనది అనే అర్థాలుగల నిష్ఠ్యూత, ఉద్గీర్ణ, వాంత మొదలైన పదాలు గౌణార్థంలో, అంటే పోలికగా, ప్రయోగిస్తే అతిసుందరంగా ఉంటాయనీ, లేకపోతే గ్రామ్యంలోకి దిగుతాయనీ ఆయన నిర్ణయం. గ్రామ్యమనే మాట వినగానే మా ఊరివారికి గిడుగు రామమూర్తి పంతులు గుర్తుకు వస్తారు. 1880లో పర్లాకిమిడికి ఉపాధ్యాయుడిగా వచ్చి, ఇక్కడి సవరల భాషను నేర్చి, జనం నోటి తెలుగును గ్రామ్యమని తోసివేయరాదని జీవితమంతా పోరాడిన మనిషి ఆయన. నా మటుకు నాకు దండి మాటలో సగమే నచ్చుతుంది. గౌణార్థంలో ఈ పదాలు అందమైనవే. కాని జ్వరంతో తేలిపోతున్న బిడ్డను భుజాన వేసుకొని 'కక్కుతన్నాడమ్మా' అన్న ముసలమ్మ వాక్యంలో గ్రామ్యత ఎక్కడుంది? చెప్పవలసిన దానికంటే ఒక్క అక్షరం ఎక్కువ లేదు, తక్కువా లేదు.

ఇదే ధాతువుతో ఒక సంధిని గమనించండి. వెళ్ళ అనే తుమర్థరూపం ద్రుతాంతం, అంటే చివర నకారం గలది. దాని తరువాత వచ్చే పరుషం (క, చ, ట, త, ప) సరళం (గ, జ, డ, ద, బ) అవుతుంది. అందుచేత వెళ్ళ, కక్కు కలిసి వెళ్ళగక్కు అయింది. అక్కసు వెళ్ళగక్కాడు అంటాం. పడగొట్టు, వెళ్ళగొట్టు, చేయగలడు అనేవీ ఈ అచ్చులోనివే. గకారం కనిపించినందువల్ల 'గక్కు' అనే వేరొక ధాతువు ఉందని భ్రమపడకూడదు.

మరొక భ్రమ ఇంకా సులభంగా కలుగుతుంది. మా ఇంట్లో పెరటి అరుగు మీద రాతి తిరగలి ఉండేది. దాని లోపలి ముఖం నున్నబడి కందిపప్పు నలగకుండా జారిపోతుంటే, ఉలి, సుత్తి పట్టుకొని వచ్చినవాడు అరుగు మీద గొంతుకు కూర్చొని, మధ్య కన్నం నుంచి అంచు వైపు చిన్నచిన్న గంట్లు పెట్టుకుంటూ పోయేవాడు. రాతి పొడి అతని కనుబొమల మీద తెల్లగా పేరుకొనేది. ఆ పనిని మా అమ్మమ్మ కక్కు కొట్టించడం అనేది. రంపపు పళ్ళకు, కొడవలి పళ్ళకు కూడా కక్కు అనే పేరుంది. చిన్నప్పుడు నేను ఈ రెండు కక్కులనూ ఒకటే అనుకొని, తిరగలి పిండిని కక్కుతుంది కనుక ఆ పేరు వచ్చిందని తోటి పిల్లలకు గట్టిగా చెప్పేవాణ్ణి. అది తప్పు. గంటు, పన్ను అనే అర్థంగల కక్కు వేరు మాట. కన్నడంలోనూ ఈ రెండూ విడివిడిగానే ఉన్నాయి. ఒకే రూపంగల రెండు మాటలు పక్క భాషలో కూడా వేర్వేరు అర్థాలతో జంటగా కనిపిస్తే, ఒకదాన్ని రెండవదానినుంచి పుట్టించే ముందు పదిసార్లు ఆలోచించాలి.

చప్పుడునుంచి పుట్టినవి

ఓకరింత, ఓకిలింత అనేవి వాంతికి ముందు గొంతులో కలిగే ఎగదోపుకు పేర్లు. కన్నడంలో ఓకరికె, తమిళంలో ఓక్కాళం. ఇంతవరకు చూసి ద్రావిడమని ముద్ర వేయబోతే, మరాఠీవారు ఓకారీ అంటారు, ఓకణే అనే క్రియ కూడా వారికి ఉంది. ఇటువంటి చోట తొందరపడకూడదు. ఆ క్షణంలో మనిషి గొంతు చేసే చప్పుడు ఏ భాషవాడికైనా ఒకటే కనుక, చప్పుడును అనుకరించే మాటలు సంబంధం లేకుండానే పోలి ఉండవచ్చు. కేవలం ధ్వన్యనుకరణ పదాల పోలికతో భాషల చుట్టరికాన్ని నిర్ణయించరాదు.

సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ వెళ్ళే ఘాటీ రోడ్డు మీద బస్సులో ఎక్కువగా వినిపించేది డోకు. మలుపులు మొదలవగానే "డోకొస్తంది, నిమ్మకాయ ఇయ్యే" అంటూ చేతులు చాస్తారు. డోకు వేరు, ఢోకా వేరు. 'తిండికి ఢోకా లేదు' అన్నప్పటిది హిందీ ధోఖా. వికారం మాత్రం సంస్కృతం: వి ఉపసర్గ, కృ ధాతువు, మొత్తానికి మార్పు అని అర్థం. ఉన్న స్థితినుంచి కడుపు మారడమే వికారం.

చివరగా ఉద్గారం. గౄ ధాతువుకు మింగడమని అర్థం. ఉత్ చేరితే దిశ తిరగబడి పైకి వస్తుంది. ఉద్గారమంటే త్రేనుపు, పైకి వెడలినది. నేడు పత్రికలలో కర్బన ఉద్గారాలని రోజూ చదువుతున్నాం. ఆ మాటను ఎంచుకొన్నవారు ధాతువు భావాన్ని ఎరిగినవారు. పొగగొట్టాన్ని చూస్తే అంతకంటే తగిన పేరు తోచదు.

అభ్యాసం

విశ్రాంతి, సంక్రాంతి, ఉన్నతి, విరతి, నియతి, సమ్మతి అనే మాటలలో ఉపసర్గను, ప్రత్యయాన్ని వేలితో మూసి ధాతువును వ్రాయండి. ప్రతిదాని పక్కన అది వాంతి తెగదో గతి తెగదో గుర్తించండి. పోగొట్టు, రాగలడు, తెలియజెప్పు అనేవాటిని విడదీసి, సరళంగా మారిన అక్షరం కింద గీత గీయండి.

రెండవ పని ఇంట్లో చేయవలసినది. వాంతి వచ్చేముందు కడుపులో కలిగే స్థితికి మీ ఇంటి పెద్దలు ఏమేమి మాటలు వాడతారో అడగండి. తిప్పుతోంది, దేవుతోంది, తోడుతోంది అని మా వైపు మూడు దొరికాయి. ప్రతి మాట పక్కన చెప్పినవారి సొంత ఊరు పేరు వ్రాసుకోండి. పొరుగింటి ఒడియావారిని కూడా అడిగి, వారి మాటను తెలుగు లిపిలోనే ఎదురుగా వ్రాయండి.

ఎనిమిదవ పాఠంలో ఆ రోజు నర్సు అడిగిన కాశను, సంస్కృతపు కాసను, మన దగ్గును పక్కపక్కన పెట్టి చూస్తాం. అంతకుముందు శకార సకారాలను మీ ఇరుగుపొరుగు ఒడియావారు ఎలా పలుకుతున్నారో నాలుగు రోజులు చెవి పెట్టి వినండి.